స్కానింగు యంత్రంలో వెలుగు లెక్క

(మన శాఖ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఎ. బకాయిల మీదయితే గంటసేపు మాట్లాడగలను. ఆరోగ్యం మీద మాట్లాడటానికి నేను డాక్టరును కాను, ఇంజనీరునూ కాను. ముప్పయి మూడేళ్లు ఖజానా శాఖలో గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. అయితే మా ఇంట్లో జరిగిన ఒక విషయం వల్ల, కందిబద్దంత వస్తువు ఒకదాని గురించి తెలుసుకోవలసి వచ్చింది. స్కానింగు యంత్రంలో వెలుగును ఒక్కొక్క కణం చొప్పున లెక్కపెట్టే చిప్పు అది. ఇవాళ దాని సంగతే చెబుతాను.

మా ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను. మోకాళ్ల నొప్పులవల్ల ఆమె ఈ సభకు రాలేకపోయింది. "జబ్బు పేరు చెప్పుకోండి, నా పేరు మాత్రం పత్రికలో వెయ్యనివ్వకండి" అన్నది.

2022 నవంబరులో ఆమెకు మెడ పక్కన గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అన్నారు. అంటే లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సరు. వైద్యం మొదలుపెట్టే ముందు ఒక పెట్ స్కాన్ తీశారు. ఆరు విడతల కీమోథెరపీ అయిన తర్వాత 2023 మే నెలలో ఇంకొకటి తీయించమన్నారు. మొదటిసారి తీసిన చోట యంత్రం మరమ్మతులో ఉండటంవల్ల రెండోది వేరే కేంద్రంలో, కొత్త రకం యంత్రం మీద తీయించాం. శుక్రవారం సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. డాక్టరుగారు మంగళవారం గాని చూడరు. కాగితం చేతిలో పెట్టుకుని చదవకుండా ఉండటం గుమాస్తాకు సాధ్యమా? చదివాను. పాత గ్రంథులన్నీ చల్లారిపోయాయని రాసి, కింద ఇంకో వాక్యం రాశారు. ఛాతీ మధ్యలో 7 మిల్లీమీటర్ల గ్రంథి ఒకటి కొత్తగా, స్వల్పంగా వెలుగుతున్నదని. ఆ "కొత్తగా" అన్న మాట పట్టుకుని నాలుగు రాత్రులు నిద్రపోలేదు. ఆమెకు చెప్పలేదు. నేనేదో దాస్తున్నానని ఆమె మొదటిరోజే కనిపెట్టిందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మంగళవారం డాక్టరుగారు చెప్పిన జవాబు విన్నానే గాని, అది పూర్తిగా బుర్రకెక్కటానికి చాలా నెలలు పట్టింది. బెంగుళూరులో చిప్పులు డిజైను చేసే కంపెనీలో ఉన్న మా మనవడు సంక్రాంతికి వచ్చినప్పుడు, మూడు రోజులు వాణ్ణి సినిమాకు కూడా కదలనివ్వకుండా కూర్చోబెట్టి తెలుసుకున్నాను. మొదటినుంచీ చెబుతాను.

పెట్ స్కాన్‌లో ముందుగా చేతి నరానికి ఒక ఇంజక్షను ఇస్తారు. అది ఒక రకం చక్కెర. దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తారు. వాడుకలో ఎఫ్.డి.జి. అంటారు. క్యాన్సరు కణాలు చాలావరకు మామూలు కణాలకంటె ఎక్కువ చక్కెరను లాక్కుంటాయి కనుక, ఆ మందు అక్కడ ఎక్కువగా చేరుతుంది. ఈ ఫ్లోరిన్ ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ముందురోజే తెప్పించి బీరువాలో పెట్టుకోవటానికి వీల్లేదు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారై ఏ పూటకాపూట రావలసిందే. మన దేశంలో ఈ పరీక్ష 2002లో ముంబయిలో, భాభా అణు పరిశోధన కేంద్రంవారి రేడియేషన్ మెడిసిన్ సెంటరులో మొదలైంది.

ఆ పరమాణువు విచ్ఛిన్నమైనప్పుడు అందులోనుంచి పాజిట్రాన్ అనే కణం బయటికి వస్తుంది. అన్నివిధాలా ఎలక్ట్రాన్ వంటిదే, విద్యుదావేశం మాత్రం ధనం. 1932లో కార్ల్ ఆండర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని కనుక్కున్నాడు. అది ఒంట్లో ఎంతో దూరం పోలేదు. దగ్గరలో ఉన్న ఎలక్ట్రానును కలుసుకోగానే రెండూ అంతరించిపోతాయి. వాటికి బదులు రెండు గామా కిరణాలు పుట్టి, ఒకటి తూర్పుకు పోతే ఇంకొకటి పడమటికి పోయినట్లు, ఎదురెదురు దిక్కులకు పోతాయి. రోగి చుట్టూ చక్రంలాగ గ్రాహకాలు పేర్చి ఉంటాయి. ఇటు ఒకదానికీ అటు ఒకదానికీ ఒకే క్షణంలో దెబ్బ తగిలిందంటే, ఆ రెండు చోట్లను కలిపే గీత మీద ఎక్కడో మందు ఉన్నదన్నమాట. అటువంటి గీతలు కోట్లకొద్దీ పోగుచేసి కంప్యూటరు బొమ్మ కడుతుంది.

ఖజానాలో చేసిన మిత్రులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రానికి బ్యాంకు నుంచి స్క్రోలు, చలానాలు వచ్చేవి. స్క్రోలులో పద్దు ఉండి చలానా లేకపోతే ఏం చేసేవాళ్లం? సస్పెన్సులో వేసేవాళ్లం. ఈ యంత్రం మనకంటె కఠినం. జత కుదరని కిరణాన్ని బొమ్మ దరిదాపులకు కూడా రానివ్వదు. జత అంటే ఆ రోజుకారోజు టాలీ అయితే సరిపోయే వ్యవహారం కాదు. సెకనులో వందకోట్లో వంతును నానోసెకను అంటారు. అటువంటివి నాలుగైదు గడిచేలోపల రెండు పద్దులూ పడాలి.

గామా కిరణాన్ని కన్ను చూడలేదు. మన ఒంట్లోనుంచే దూసుకుపోతుంది. దాన్ని ఆపటానికి బరువైన స్ఫటికాలు వాడతారు. లుటీషియం అనే లోహం కలిసిన స్ఫటికాలు 1990ల నుంచి వాడుకలోకి వచ్చాయి. గామా కిరణం తగలగానే వాటిలో సన్నగా నీలం మెరుపు పుడుతుంది. మెరుపు అన్నానని దీపావళి మతాబా అనుకోకండి. కొన్నివేల కాంతి కణాలు, అంతే. వాటినే ఫోటాన్లు అంటారు. మనం వెలిగించుకునే ట్యూబులైటు ఇచ్చే వెలుగులో అవి లెక్కకందవు. ఈ మెరుపులో పుట్టినవి కూడా అన్నీ స్ఫటికం అడుగుకు చేరవు. చేరినవాటిని పట్టుకుని, ఎన్ని వచ్చాయో లెక్క వేసి, ఎప్పుడు వచ్చాయో టైము వెయ్యాలి. మన టప్పాలు గుమాస్తా ముద్ర వేసినట్లు.

ఈ పని ఇదివరకు ఫోటోమల్టిప్లయర్ ట్యూబు చేసేది. 1930లలో పుట్టిన వస్తువు. మన పాత రేడియో వాల్వులు గుర్తు తెచ్చుకోండి. అటువంటి గాజు గొట్టమే, లోపల గాలి ఉండదు. ముందుభాగం పూతకు ఫోటాన్ తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. అది పోయి ఒక రేకుకు కొట్టుకుంటే నాలుగో అయిదో ఊడతాయి. అవి తర్వాతి రేకుకు కొట్టుకుంటాయి. అలా పదిమెట్లు దిగేసరికి ఒకటి కాస్తా పదిలక్షలవుతుంది. చాలా నమ్మకమైన పరికరం, దాన్ని తక్కువచేసి మాట్లాడను. మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారు భాభా కేంద్రం కోసం నిర్మించి లడాఖ్‌లోని హన్లేలో నిలబెట్టిన మేస్ టెలిస్కోపు కెమెరాలో 1,088 ట్యూబులు ఇటువంటివే ఉన్నాయి.

అయితే ఆస్పత్రి యంత్రంలో ట్యూబుతో పేచీ వచ్చింది. అది లావు. స్ఫటికం చూస్తే పెన్సిలంత సన్నం. ఒక్కొక్క స్ఫటికానికి ఒక్కొక్క ట్యూబు పెట్టే చోటు లేదు. అందుకని చాలా స్ఫటికాలను ఒక దిమ్మగా కట్టి కింద నాలుగు ట్యూబులు పెట్టి, ఏ ట్యూబుకు ఎంత వెలుగు వచ్చిందో చూసి, మెరిసింది ఫలానా స్ఫటికమని అంచనా కట్టేవారు. పైగా దానికి వెయ్యి వోల్టుల పైచిలుకు కావాలి. అయస్కాంతం దగ్గరికి తీసుకువెళితే లోపలి ఎలక్ట్రానులు దారి తప్పుతాయి కనుక, ఎమ్మారై యంత్రంలో దాన్ని పెట్టటం కుదరలేదు.

ఇక చిప్పు సంగతి. నిండు వానాకాలంలో అంచుదాకా నీళ్లు నిలిచిన చెరువుగట్టును ఊహించుకోండి. చూడటానికి అంతా నిమ్మళంగా ఉంటుంది. ఎలుక ఒక్క బొరియ తవ్విందంటే గట్టు తెగి ఊరు మునుగుతుంది. సిలికాన్‌లో చేసిన చిన్న డయోడును సరిగ్గా అటువంటి స్థితిలో నిలబెడతారు. తట్టుకోగలిగినదానికంటె కొద్ది వోల్టులు ఎక్కువ ఇచ్చి ఉంచుతారు. కరెంటు పారటానికి సర్వం సిద్ధం, మొదలుపెట్టే ఎలక్ట్రాన్ ఒక్కటే లేదు. ఒక ఫోటాన్ వచ్చి ఒక ఎలక్ట్రానును కదిలిస్తే చాలు. అది ఇంకొకదాన్ని, ఆ రెండూ మరి రెండింటిని తోసి, నానోసెకను గడవకముందే పదిలక్షల ఎలక్ట్రానుల ప్రవాహమవుతుంది. తెల్లవాళ్లు దీన్ని మంచుకొండ విరిగిపడటంతో పోల్చారు. మనకు గట్టు తెగటమే తేలిగ్గా తెలుస్తుంది. ఇక్కడి విశేషమేమిటంటే, ఆ ప్రవాహానికి అడ్డంగా ఒక నిరోధకం పెట్టి ఉంటారు. కరెంటు పారగానే వోల్టేజీ పడిపోయి, గట్టు తనంతట తాను పూడుకుంటుంది. నానోసెకన్లు కొన్ని పదులు గడిచేసరికి చెరువు మళ్లీ నిండి, గది తర్వాతి ఫోటానుకు సిద్ధంగా ఉంటుంది.

అటువంటి గది "వచ్చింది" అని మాత్రమే చెప్పగలదు. ఒకటి వచ్చినా పది వచ్చినా దాని కేక ఒక్కటే. అందుకని గదులు వేలకొద్దీ పక్కపక్కనే కట్టారు. ఒక్కొక్క గది 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అనుకుంటే 3 మిల్లీమీటర్ల చదరంలో 3,600 గదులు పడతాయి. ఎన్ని గదులు కేక వేశాయో కలిపితే ఇంచుమించు అన్ని ఫోటాన్లు పట్టుబడినట్లు. దీనికి సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ అని పేరు. చాలావాటికి వంద వోల్టుల లోపే చాలు, అయస్కాంతం అంటే లెక్కలేదు. 1980ల చివరిలోనూ 1990లలోనూ రష్యాలో గొలోవిన్, సాదిగోవ్, దొల్గొషైన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఒక రూపానికి తెచ్చారు. సోవియట్ దేశం విడిపోయి, అక్కడి ఉద్యోగులకు జీతాలు నెలల తరబడి అందని రోజులవి. నాకు ఈ వస్తువు మీద అభిమానం కలగటానికి అదొక కారణం. 2013 మొదలు 2018 లోపల ఫిలిప్స్, జి.ఇ., సీమెన్స్ కంపెనీల పెట్ యంత్రాలలోకి ఇవి ఒక్కొక్కటిగా వచ్చాయి. పెట్, ఎమ్మారై రెండూ ఒకేసారి తీసే యంత్రాలలో కూడా ఇవి చేరాయి.

దీనికి దోషాలు లేవనుకోకండి. వెలుగు లేకపోయినా, ఉత్త వేడికే ఎలక్ట్రాన్ కదిలి గది దొంగకేక వేస్తుంది. మామూలు గది వేడిలో అంత చిన్న చిప్పు కూడా సెకనుకు లక్షలసార్లు ఇలా అరుస్తుంది. పైగా ఒక గది అరిచినప్పుడు పుట్టే కొద్దిపాటి వెలుగుకు పక్కగది కూడా అరుస్తుంది. ఆఫీసులో ఒకరు ఆవులిస్తే పక్కసీటాయన ఆవులించినట్లు. దీనికి విరుగుడుగా చిప్పును చల్లగా ఉంచుతారు. ఒకటీ అరా కేకలను పట్టించుకోక, వందల గదులు ఒక్కసారి అరిస్తేనే మెరుపుగా ఒప్పుకుంటారు. అప్పటికీ మిగిలిన దొంగపద్దు ఉంటే అవతలి వైపు జత దొరకదు. ఇన్ని తనిఖీలు మా ఆఫీసులో ఉండి ఉంటే నా సర్వీసులో ఆడిటు అభ్యంతరాలు సగం తగ్గేవి.

టైము వెయ్యటం అన్నాను. అసలు లాభమంతా అక్కడే ఉన్నది. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. రెండు గామా కిరణాలు గీత నడిమధ్యన పుడితే రెండు వైపులకూ ఒకేసారి చేరతాయి. ఒక పక్కకు జరిగి పుడితే ఆ పక్కది ముందు చేరుతుంది. ఎంత ముందు చేరిందో కొలిస్తే, గీత మీద ఏ చోట పుట్టిందో తెలిసిపోతుంది. దీన్ని 1980లలోనే ప్రయత్నించారు గాని, అప్పటి స్ఫటికాలు, ట్యూబులు దానికి చాలలేదు. 2006 ప్రాంతంలో ట్యూబులతోనే మళ్లీ మొదలుపెట్టారు. నానోసెకనులో వెయ్యోవంతు పికోసెకను. అప్పటి యంత్రాల టైములో తేడా 500, 600 పికోసెకన్లు. అంటే చోటులో ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల సందేహం. చిప్పులు వచ్చాక, 2018లో వచ్చిన సీమెన్స్ యంత్రంలో అది 214 పికోసెకన్లకు దిగింది. సందేహం 3 సెంటీమీటర్ల పైచిలుకుకు వచ్చింది. ఎప్పటికైనా 10 పికోసెకన్లకు దించాలని శాస్త్రవేత్తలు పందెం వేసుకుని పనిచేస్తున్నారు. అది సాధిస్తే సందేహం మిల్లీమీటరున్నరే.

మనబోటివాళ్లకు దీనివల్ల ఒరిగేదేమిటంటే, సందేహం తగ్గినకొద్దీ అదే మందుతో బొమ్మ తేటగా వస్తుంది. లేదా తక్కువ మందుతో, తక్కువ సేపట్లో అదే బొమ్మ వస్తుంది. మొదటి స్కానుకు మా ఆవిడ చేతులు తలపైకెత్తుకుని ఇరవై నాలుగు నిమిషాలు కదలకుండా పడుకుంది. లేచేటప్పుడు భుజాలు పట్టేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండోసారి పదకొండు నిమిషాల్లో అయిపోయింది. "అప్పుడే అయిందా బాబూ?" అని ఆ టెక్నీషియన్ అబ్బాయిని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు మంగళవారానికి వస్తాను. డాక్టరుగారు రిపోర్టు చదివి, "పాత స్కాన్ సీడీ తెచ్చారా?" అని అడిగారు. తెచ్చాను. పాత కాగితం పారేసే అలవాటు నాకు లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారు. పెట్‌తోపాటు సి.టి. కూడా తీస్తారు గదా, నవంబరు సి.టి.లో అదే చోట అదే గ్రంథి ఉన్నది. అప్పుడూ 7 మిల్లీమీటర్లే. పాత పెట్ బొమ్మలో మాత్రం అక్కడ వెలుగు లేదు. "గ్రంథి పాతదే సార్, చూసిన యంత్రం కొత్తది" అన్నారు. ట్యూబుల యంత్రానికి అంత చిన్న గ్రంథిలోని కొద్దిపాటి వెలుగు చుట్టుపక్కల మసకలో కలిసిపోయింది. చిప్పుల యంత్రం దాన్ని విడదీసి చూపించింది. పైగా, కీమోకు మిగతా గ్రంథులన్నీ కరిగితే ఇది వెంట్రుకవాసి కూడా మారలేదంటే, ఇది ఆ జాతిది కాకపోవటానికే అవకాశం ఎక్కువ. ఎప్పటిదో పాత వాపు కావచ్చునన్నారు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. లివరు వైపు చూపించారు. లింఫోమాలో వెలుగును వట్టి అంకెతో కాక, అదే రోగి లివరు వెలుగుతోనూ రక్తం వెలుగుతోనూ పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారట. 2009లో ఫ్రాన్సులోని డోవిల్ అనే ఊళ్లో వైద్యులు సమావేశమై చేసిన ఏర్పాటు గనుక ఆ పేరే ఉండిపోయింది. ఇందులోని తెలివి నాకు బాగా నచ్చింది. యంత్రం మారితే అంకెలు మారతాయి. లివరును కూడా అదే యంత్రం, అదే రోజు, అదే మందుతో కొలిచింది కనుక పోలిక చెల్లుతుంది. మా ఆవిడ గ్రంథి రక్తంకంటె కొంచెం ఎక్కువ, లివరుకంటె తక్కువ. మార్కు 3. కీమో ఇక అక్కరలేదు, మూడు నెలలకు మళ్లీ చూద్దామన్నారు. ఆగస్టులో తీసిన సి.టి.లో గ్రంథి 7 మిల్లీమీటర్లే ఉన్నది. ఆ తర్వాత చూసినప్పుడూ అంతే. ఇంతవరకు ఆమె బాగానే ఉన్నది.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. నాతో పక్కసీటులో పనిచేసిన మిత్రుడి రిపోర్టులో కూడా "కొత్తగా" అన్న మాటే వచ్చింది. ముక్క తీసి చూస్తే జబ్బు తిరగబెట్టిందని తేలింది. ఆయన ఇప్పుడు లేరు. చిప్పు ఫోటాన్లను లెక్కపెడుతుంది, అవి ఎక్కడినుంచి వచ్చాయో చెబుతుంది. ఎందుకు వచ్చాయో అది చెప్పలేదు. టి.బి. గ్రంథీ వెలుగుతుంది, మానుతున్న పుండూ వెలుగుతుంది. మెదడు, మూత్రాశయం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. నాలాగ శుక్రవారం చదువుకుని మంగళవారం దాకా కుమిలిపోకండి. చదవక ఉండలేకపోతే, ఆ కాగితం పట్టుకుని డాక్టరుకు ఫోనైనా చేయండి. పాత సీడీలు, పాత రిపోర్టులు మాత్రం ప్రాణంలా దాచుకోండి. వీలైతే పోల్చి చూడవలసిన స్కానులు ఒకే యంత్రం మీద తీయించుకోండి. కుదరకపోతే యంత్రం మారిందని డాక్టరుకు ముందే చెప్పండి.

రెండో స్కాను బిల్లు సంబంధిత కార్యాలయం నుంచి తిరిగొచ్చింది. "ఆరు నెలల వ్యవధిలో అదే పరీక్ష రెండుసార్లు ఎందుకు?" అని అభ్యంతరం. అభ్యంతరాలు రాయటంలో తలపండినవాణ్ణి గనుక కోపం రాలేదు. మొదటిది వైద్యానికి ముందు, రెండోది వైద్యం తర్వాత, రెండూ లేకపోతే పోలిక లేదని డాక్టరుగారి చేత రెండు ముక్కలు రాయించి పంపాను. నాలుగు నెలలకు మంజూరైంది. మీరెవరైనా తీయించుకుంటే ఆ రెండు ముక్కలు బిల్లుతోపాటే జతపరచండి.

ప్రసంగం అయిన తర్వాత అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా రాయమన్నారు కనుక రాస్తున్నాను.

ఒక సోదరి తనకు తీసిన బోన్ స్కాన్ కూడా ఇదేనా అని అడిగారు. కాదు. అందులో సాధారణంగా టెక్నీషియం అనే మందు వాడతారు. దానినుంచి గామా కిరణాలు జతగా రావు, ఒంటిగా వస్తాయి. అందుకే ఆ కోవకు చెందిన స్పెక్ట్ పరీక్ష పేరులో "సింగిల్ ఫోటాన్" అన్న మాట ఉంటుంది. అక్కడ ఫోటాన్ అంటే గామా కిరణం. నేను చెప్పిన చిప్పు పట్టేది స్ఫటికంలో పుట్టిన నీలం వెలుగు ఫోటానును. పేరు ఒకటే గాని పద్దు వేరు.

షుగరు ఉన్నవాళ్లు ఈ పరీక్ష చేయించుకోవచ్చునా అని ఇంకొకరు అడిగారు. చేయించుకోవచ్చు, కాని ముందుగా చెప్పాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది మందుతో పోటీపడి బొమ్మ పాడవుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, మంచినీళ్లు తాగవచ్చు. ఇన్సులిను, మాత్రలు ఆ రోజు ఎలా వాడాలో ఆ కేంద్రంవారినే అడగాలి, సొంతంగా మానకూడదు. ఇంజక్షను తర్వాత గంటసేపు కదలకుండా, కబుర్లు చెప్పకుండా కూర్చోమంటారు. మాట్లాడితే గొంతు కండరాలు చక్కెర లాక్కుని అక్కడ వెలుగుతాయి. మా ఆవిడకు అన్నిటికంటె కష్టమైంది ఈ గంటే.

నెలలు నిండిన కోడలు ఇంట్లో ఉన్నది, స్కాన్ తీయించుకుని ఇంటికి పోవచ్చునా అని ఒక పెద్దాయన అడిగారు. ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగమవుతుందని చెప్పాను గదా, ఆరు గంటలకు ఇంచుమించు పదో వంతు మిగులుతుంది. ఆ పూటకు గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా వేరే గదిలో ఉండి, నీళ్లు ఎక్కువ తాగి, మర్నాడు మనవణ్ణి ఎత్తుకోవచ్చు. ఎన్ని గంటలన్నది ఆ కేంద్రంవారు చెప్పినట్లే పాటించండి.

ఇంకా చేతులెత్తినవారున్నారు గాని, టీ చల్లారిపోతున్నదని కార్యదర్శిగారు సైగ చేశారు.